గేమ్ పెట్టెకు అత్తరు

ఆ రోజుల్లో ఏ వస్తువు మొరాయించినా దానికి మూడే చికిత్సలు. ఒకటి ఉఫ్‌మని ఊదడం, రెండు చొక్కా అంచుతో తుడవడం, మూడు అరచేత్తో వీపు మీద ఒక్కటివ్వడం. టీవీ అయినా, టేపురికార్డరయినా, బడికి పోనని భీష్మించుకున్న పిల్లాడయినా ఈ మూడింటిలో ఏదో ఒకదానికి లొంగక తప్పేది కాదు. డిస్కులొచ్చాక ఈ వైద్యమంతా వెనకబడింది. ఊదితే తుంపర పడేది, తుడిస్తే గీతలు పడేవి, కొడితే అసలుకే మోసం వచ్చేది. ఇప్పటి పిల్లలకు ఆటంటే ఫోన్లో వేలితో తోసేది. పెట్టెలో డిస్కు వేసి, మూత మూసి, లోపల అది గిర్రుమని తిరుగుతుంటే ఆట మొదలవుతుందా లేదా అని ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం ఎట్లా ఉంటుందో వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. నాకు మాత్రం ఆ గిర్రుమనే చప్పుడుతోనే ఒక వారం పాటు బతుకంతా ముడిపడిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ ఒకటిన్నర సార్లు తప్పాను (ఒకసారి పూర్తిగా, ఇంకోసారి లెక్కల్లో మాత్రం). బుచ్చిరెడ్డిపాలెంలో మా మేనమామకు రేడియోలు, టేపురికార్డర్లు, టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. ఊరికే ఇంట్లో తిరిగే బదులు అక్కడ కూర్చోమని మా అమ్మ నన్ను తోలింది. మా నాయన అత్తర్లు అమ్మేవాడు. చెక్కపెట్టెలో చిన్నచిన్న గాజు సీసాలు సర్దుకుని, సైకిలు వెనక కట్టుకుని ఊళ్ళు తిరిగి, శుక్రవారం మాత్రం మసీదు గుమ్మం దగ్గర నిలబడేవాడు. దూదిపుల్ల సీసాలో ముంచి వచ్చినవాళ్ళ మణికట్టుకు రాస్తూ ఆయన చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "మన అత్తర్లో స్పిరిట్ చుక్క కూడా ఉండదు నాయనా, అంతా అచ్చమైన నూనె." పుట్టినప్పటి నుంచి రోజుకు పదిసార్లు ఈ మాట వింటూ పెరిగినవాణ్ణి నేను. చదివేవాళ్ళు దీన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకోలేదు గనకే ఇదంతా జరిగింది.

మా మామ టేపుల కాలం మనిషి. నలిగిన క్యాసెట్‌ను విప్పి, లోపలి టేపును గోటితో సాపుచేసి మళ్ళీ పాడించగలడు. విరిగిపోయిన క్యాసెట్లు కూడా పారెయ్యకుండా ఒక సొరుగు నిండా దాచేవాడు. "పారేసేదాన్లోనే పనికొచ్చేది ఒకటి ఉంటాదిరా" అనేవాడు. ఆ సొరుగు నాకు అడ్డంగా ఉండేది, మామ మాటలూ కాస్త పాతగా వినిపించేవి. ఆయనకు రెండు నియమాలుండేవి. మొదటిది, మిషను విప్పినవాడు మళ్ళీ బిగించాక స్క్రూ తల మీద గోళ్ళరంగుతో చుక్క పెట్టాలి. స్క్రూ కదలకుండా ఉండడం ఒక లాభం, ఎవరు విప్పారో తెలియడం ఇంకో లాభం. మామది నీలం చుక్క, నాది ఎరుపు (రెండు సీసాలూ మా అత్తవే, ఆమెకు ఇప్పటికీ ఆ సంగతి మీద కోపమే). రెండోది, ఒకే చేతి కింద బాగయిన మిషను అదే జబ్బుతో మూడుసార్లు తిరిగొస్తే ఆ చెయ్యి కొట్టులో ఉండకూడదు.

ఒకసారి సామాన్లు తేవడానికి మామతో చెన్నై పోయినప్పుడు, ఒక ఇరుకు సందులో ఒకాయన టీవీ గేమ్ పెట్టెలకు చిప్పులు వెయ్యడం చూశాను. ఆ చిప్పు వేస్తే నకలు డిస్కులు కూడా ఆడతాయి (అవి నకలువని అనుకునేంత తెలివి మాకు లేదు, మా ఊళ్ళో డిస్కులంటేనే అవి). ఒక మధ్యాహ్నమంతా ఆయన భుజం మీదుగా తొంగిచూసి, ఏ తీగ ఎక్కడ అతికించాలో బస్సు టికెట్టు వెనక గీసుకుని, నాలుగు చిప్పులు కొనుక్కుని వచ్చాను. ఊళ్ళో దిగేసరికి నేను ఇంజనీరు నడిచినట్టు నడుస్తున్నానని మా అమ్మ చెప్పేది.

మొదటి బేరం కొడవలూరు అక్కది. ఆమె, ఆమె భర్త వరి పండిస్తారు. పక్కమళ్ళు ఆమె మరిదివి. పిల్లకాలవలో నీళ్ళొస్తే ముందు ఎవరి మడికి పెట్టాలనే తగువు ఆ ఇంట్లో తాతల నాటిది. పుట్టింటివాళ్ళు ఎక్కణ్ణుంచో తెచ్చిచ్చిన గేమ్ పెట్టె వచ్చాక ఆ తగువు కార్ల పందెంతో తీర్చుకోవడం మొదలుపెట్టారు. వదినా మరుదులు తలా ఒక రిమోటు పట్టుకుని టీవీ ముందు కూర్చుంటారు, గెలిచినవాళ్ళ మడికి ముందు నీళ్ళు. పంచాయితీ పెద్దలు కూడా ఇంత న్యాయంగా తీర్పు చెప్పలేదని ఊళ్ళో పేరు. ఆ పెట్టెకు నేను చిప్పు వేశాను. ఆడింది. చుట్టూ నాలుగు ఎర్రచుక్కలు పెట్టి, కొంచెం దూరం జరిగి చూసుకున్నాను.

రెండు వారాలకు పెట్టె తిరిగొచ్చింది. "ఏందబ్బయా ఇది, ఆడతా ఆడతా నిలబడిపోతా ఉండాది. కారు ఉండాది, రోడ్డు లేదు. రోడ్డు లేకుండా నేను యాడికి పోవాల?" అంది అక్క. నిజానికి అది ఎందుకు నిలబడిపోతోందో నాకు తెలియదు. తెలియదని చెప్పే వయసు కాదు. "తేమక్కా. సముద్రం పక్కన గదా మనది, ఉప్పుగాలికి డిస్కులు చెమ్మ పట్టుంటాయి" అన్నాను గంభీరంగా. అక్క మొహం విప్పారింది. "తేమంటే మాకు తెలీదా! వడ్లగింజ కొరికి చెప్తా నేను ఎంత తేమ ఉండాదో. అట్నే చూసుకుంటాలే" అని పెట్టె తీసుకుని పోయింది. ఎట్లా చూసుకుంటుందో నేను అడగలేదు.

అయిదో రోజు అక్క మళ్ళీ వచ్చింది. పెట్టె బల్ల మీద పెట్టి, సంచిలోంచి డిస్కులు తీసి పక్కన పేర్చింది. అవి నూనెలో వేసిన అప్పడాల్లా పైకి లేచి ఉన్నాయి. "నువ్వు చెప్పినట్టే మూడెండలు ఎండబెట్టినా అబ్బయా. వడ్లతో పాటు పట్ట మీద పరిచి, పొద్దునా మాపునా తిరగేసినా గూడా. వడ్లయితే బ్రమ్మాండంగా ఆరినయ్" అంది. అదృష్టం కొద్దీ కార్ల పందెం డిస్కు పెట్టె లోపలే ఉండిపోయి ఎండకు తప్పించుకుంది. "శుక్రవారం కాలవకు నీళ్ళొదుల్తారు. ఆ పొద్దుటికి నా పెట్టె నాకు కావాల. లేకుంటే మా మరిది చీటీలేద్దామంటాడు. చీటీల్లో నేను జన్మలో గెలవలా" అని చెప్పి వెళ్ళిపోయింది.

అంతదాకా రేడియోలో తలదూర్చి ఉన్న మామ అప్పుడు తలెత్తాడు. "రేయ్ అల్లుడా, ఇది రెండోసారి. మూడోసారి వచ్చిందంటే మనుబోలుకు పోతావు. మీ చిన్నాయనతో మాట్లాడేసినా" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. అందుకే భయమేసింది. మనుబోలు దగ్గర హైవే మీద మా చిన్నాయనకు పంక్చర్ షాపు ఉంది. చిన్నాయన బంగారం లాంటి మనిషే, కానీ లారీ టైరు గురించి తప్ప మాట్లాడడు. అక్కడి పని తక్కువదని కాదు. పొద్దున్నే కొట్టు తెరవగానే వచ్చే సీసం కాలిన వాసన, మూడు రోజులు మూగగా పడున్న రేడియో ఉన్నట్టుండి గొంతు సవరించుకుని వార్తలు చెప్పడం, ఇవి లేకుండా నేను ఉండలేననిపించింది. చదువులో దేనికీ పనికిరాని నాకు ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడే నేనూ ఒక మనిషిననిపించేది.

బుధవారం పని మొదలుపెట్టాను. డిస్కును చదివేది లోపల ఉండే కందిబద్దంత కన్ను. ముందు దాన్ని స్పిరిట్‌తో తుడవాలని నాకు తెలుసు. స్పిరిట్ సీసా ఖాళీ. మామ సామాన్ల కోసం నెల్లూరు పోయాడు. సరిగ్గా ఆ వేళకు మా నాయన తన అత్తరుపెట్టె కొట్టులో పెట్టి అన్నానికి ఇంటికి పోయాడు. పెట్టెలో సీసాలు, సీసాల పక్కన దూదిపుల్లలు. అల్లా నా కోసమే పంపించాడనుకున్నాను. మల్లె అత్తరు సీసా మూత తీస్తే గుప్పుమని మొహానికి కొట్టింది. ఇంత గుప్పున కొట్టేదంటే స్పిరిట్టే అయ్యుండాలి (నాకు తెలిసిన సైన్సు అంతే). దూదిపుల్ల ముంచి కన్నుకు బాగా పట్టించాను. ఒకసారి చాలదేమోనని రెండోసారి కూడా పట్టించాను. మిషను పెట్టాను. అంతకు ముందు రోడ్డు లేకపోయినా కారన్నా కనిపించేది, ఇప్పుడు కారు కూడా లేదు.

నాయన తిరిగొచ్చి సీసా ఎత్తి చూశాడు. "ఏరా, మల్లె తగ్గింది. ఎవరికి పూసినావు?" అన్నాడు, గొంతులో కొంచెం అనుమానం, కొంచెం ఆశ. మిషనుకు పూశానని చెప్పేసరికి ఆ ఆశ కాస్తా ఆరిపోయింది. "స్పిరిట్ అనుకుని పూసినావా? నా అత్తర్లోనా? పుట్టినకాడ్నించి చెప్తానే ఉండా గదరా!" అని తలపట్టుకున్నాడు. ఊరంతటికీ నమ్మకంగా చెప్పుకునే మాట సొంత కొడుకు చెవికెక్కలేదని ఆయన బాధ. కాసేపటికి తేరుకుని, "అయినా పూసేవాడివి గులాబీ పూసుండాల్సింది. మల్లె అంత తొందరగా పోదు" అన్నాడు వ్యాపారం తెలిసిన మనిషిగా.

గురువారం పొద్దున్నే స్పిరిట్ కొనుక్కొచ్చి ఆ జిడ్డంతా కడిగాను. దూదిపుల్లలు పాతిక దాకా అయ్యాయి. పక్కనున్న వరిగింజంత స్క్రూ ఒకదాన్ని కాస్త ఇటు, కాస్త అటు తిప్పాను, ఎందుకు తిప్పుతున్నానో తెలియకుండానే. పెట్టెలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఆట లేదు. కొట్టంతా పెళ్ళివారి విడిదిలాగా ఘుమఘుమలాడుతోంది, నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. చివరికి విసుగొచ్చి, మా తాతల నాటి మూడో చికిత్సే గతి అనుకుని, వీపు మీద ఒకటిద్దామని పెట్టెను బోర్లా తిప్పాను. కొట్టకముందే గిర్రుమంది. టీవీలో కారొచ్చింది, కారు కింద రోడ్డొచ్చింది. వెల్లకిలా పెడితే ఆగిపోతుంది, బోర్లా పెడితే ఆడుతుంది. పదిసార్లు చూశాను, పదిసార్లూ అంతే.

"ఆడిందా?" అన్నాడు మామ తన రేడియో మీదనుంచి తలెత్తకుండా.

"ఆడింది మామా. ఒక రకంగా."

"ఒక రకంగా అంటే?"

"తలకిందులుగా."

మామ "ఊఁ" అని మళ్ళీ రేడియోలోకి పోయాడు. నేను ఆ సాయంత్రమంతా అక్కకు ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఇది విదేశీ మిషనక్కా, ఆ దేశాల్లో అందరూ ఇట్లా బోర్లా పెట్టే ఆడుకుంటారు, మనవాళ్ళకే తెలియదు. నాకు నేను చెప్పుకుంటుంటే బాగానే ఉంది. స్క్రూలు బిగించాను కానీ, ఎర్రచుక్కలు పెట్టే ధైర్యం చాలక అట్లాగే బోర్లా వదిలేసి ఇంటికి పోయాను.

శుక్రవారం నేను పోయేసరికే కొట్టు తెరిచి ఉంది. అది ఎప్పుడూ లేని విషయం, పొద్దున్నే తలుపు తీసే పని నాది. మామ టీ తాగుతూ వరసగా తుమ్ముతున్నాడు. "కాలవగాలి పడ్డట్టు లేదు" అని ముక్కు తుడుచుకుని, "ఇంకేం చూస్తావు, చుక్కలు పెట్టి తీసకపో" అన్నాడు. నాలుగు చుక్కలు పెట్టి, పెట్టెను తువ్వాలలో చుట్టి, మామ మోపెడ్ మీద కొడవలూరు పోయాను. దారి పొడుగునా నాకు లారీ టైర్లే కనిపించాయి.

అక్క ఇంట్లో అప్పటికే అందరూ సిద్ధంగా ఉన్నారు. మరిది పార భుజాన వేసుకునే వచ్చి కూర్చున్నాడు, గెలిచిన మరుక్షణం గట్టు తెగ్గొట్టడానికి. నేను పెట్టెను బోర్లా పెట్టి నా విదేశీ కథ ఎత్తుకోబోయాను. అక్క ఒప్పుకోలేదు. "అట్ట కుదరదబ్బయా. మూతకు పసుపుకుంకాలు పెట్టుకున్నాం. బోర్లేస్తే అవి నేలకు తగలవా?" అని దాన్ని తీసి వెల్లకిలా పెట్టి, డిస్కు వేసి మూత మూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. టిక్కు టిక్కు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నవాడికి గిర్రుమని వినిపించింది. కళ్ళు తెరిస్తే రోడ్డు కనిపిస్తోంది, చివరిదాకా, ఎక్కడా తెగకుండా. మరిది కారు మూడో మలుపులో వంతెనకు గుద్దుకుంది. అక్క గెలుపు బొమ్మ వచ్చేదాకా కూడా ఆగలేదు. మరిది భుజం మీది పార లాక్కుని మడి దిక్కుకు పోయింది.

తిరిగొచ్చేటప్పుడు నేను మోపెడ్ నడిపానో, మోపెడే నన్ను ఊరేగించిందో చెప్పలేను. మామకు అంతా చెప్పాను, మధ్యలో నా తెలివితేటలు కూడా కలిపి. అంతా విని, "సరే, జుమ్మా నమాజుకు టైమయింది, పద. రేపట్నించి ఆ బల్ల నీదే" అన్నాడు. తలకిందులుగా ఆడింది రాత్రికి రాత్రి ఎట్లా సర్దుకుందని నేను చాలా ఆలోచించాను. ఆలోచించి ఒక సిద్ధాంతం కనిపెట్టాను: అత్తరు వెంటనే పని చెయ్యదు, లోపలికి ఇంకడానికి ఒక రాత్రి పడుతుంది. మా నాయన ఈ మాట విని మురిసిపోయాడు. ఆ తర్వాత మసీదు గుమ్మం దగ్గర "అంతా అచ్చమైన నూనె" అన్నాక, "మిషన్లకు గూడా మంచిది" అని కూడా చేర్చేవాడు. నేను ఇరవయ్యేళ్ళకు పైగా కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెప్పుకుని బతికాను. కొందరు నమ్మారు కూడా.

పోయిన నెల కాలేజీలో చదివే ఒక అమ్మాయి తువ్వాలలో చుట్టిన పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. "అంకుల్, ఇది రెట్రో. ఇప్పుడు దీనికి భలే గిరాకీ. డిస్కు చదవడంలేదు. మీ దగ్గరికే తీసకపొమ్మన్నాది అమ్మ" అంది. మూత మీద పసుపు మరకలు చూడగానే ఎవరి కూతురో తెలిసిపోయింది. (పాత సామానుకు రెట్రో అని పేరు పెడితే గిరాకీ వస్తుందని తెలిసుంటే మా నాయన సైకిలు అమ్మేవాళ్ళం కాదు.) నా నాలుగు ఎర్రచుక్కలు రంగు వెలిసి అట్లాగే ఉన్నాయి. అంటే ఆ శుక్రవారం తర్వాత దాన్ని ఎవరూ విప్పలేదు. గర్వంగా విప్పాను. లోపల కన్ను ఉండే పళ్ళేన్ని పైకెత్తితే, దాని కింద అరిగిపోయిన ప్లాస్టిక్ గాడిలో సన్నగా కత్తిరించిన పల్చటి ముక్క ఒకటి కనిపించింది. క్యాసెట్‌లో టేపుచుట్టలకు అటూ ఇటూ ఉండే నున్నటి జారుడు కాగితం. గాడి అరిగి కన్ను కిందికి కుంగితే, దాన్ని వెంట్రుకవాసి పైకెత్తడానికి ఎవరో పెట్టారు. బోర్లా పెడితే కుంగిన కన్ను తన బరువుకే డిస్కు వైపు జరుగుతుంది, అందుకే అప్పుడు ఆడిందని ఇన్నేళ్ళకు అర్థమయింది. ఆ పళ్ళేన్ని పట్టి ఉంచే రెండు స్క్రూల మీద నీలం చుక్కలున్నాయి.

ఎవరికీ తెలియకూడదని తెల్లారకముందే వచ్చి చేసిన పనికి కూడా ఆయన తన నియమం ప్రకారం చుక్క పెట్టాడు. నేను చూడలేదు. చూడాలని అనుకోలేదు, నా ఎర్రచుక్కలు చూసుకోవడమే నాకు సరిపోయింది.

మామకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. అయినా రోజూ పొద్దున్నే వచ్చి కొట్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. "ఇది ఎవరు పెట్టినారు మామా?"

కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. "క్యాసెట్ కాగితం మాదిరి ఉండాదే."

"నీలం చుక్క గూడా ఉండాది."

"అట్నా."

"నాకెందుకు చెప్పలా?"

"నాకేం గుర్తు లేదురా, ఏనాటి మాట అది!" అని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. లారీ ఒకటి పోయేదాకా ఆగి, "ఆ మల్లెవాసనకు పొద్దున్నే పన్నెండు తుమ్ములు తుమ్మినా. అదొక్కటే గుర్తు" అన్నాడు.

లోపలికి వచ్చి, నాకు అడ్డమని ఎన్నోసార్లు తిట్టుకున్న ఆ సొరుగు తెరిచి, ఒక విరిగిన క్యాసెట్‌లోంచి కొత్త ముక్క కత్తిరించి గాడిలో పెట్టాను. గిర్రుమంది. స్క్రూలు బిగించి, నీలం చుక్కలు చెరిగిపోకుండా వాటి పక్కనే నా ఎర్రచుక్కలు పెట్టాను. కొడవలూరు నుంచి మోపెడ్ మీద ఛాతీ విరుచుకుని వస్తున్న ఆ పంతొమ్మిదేళ్ళవాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇదంతా అప్పుడే తెలిసుంటే వాడు ఆ మర్నాడు బల్ల ముందు అంత ధీమాగా కూర్చునేవాడు కాదు. కూర్చోకపోయుంటే పని నేర్చుకునేవాడూ కాదు. మామ బయటి నుంచి "ఆడిందా?" అని అడిగాడు. ఆడిందని చెప్పాను.